రంగు తిరిగిన గింజలు

సాయంత్రం ఆరు కాగానే తాత కాళ్ళు కడుక్కుని మనవరాలి ఎదుట కూర్చునేవాడు. తన కళ్ళకు ఆనించుకున్న అరచేతుల్ని పిల్ల కళ్ళమీద పెట్టేవాడు. దాంతో ఆయన చూపు దానికి వెళ్ళేది. అది హోంవర్కు చేసుకుంటుంటే ఆయన గోడకు చేరగిలబడి రేడియో వినేవాడు. తెల్లారేసరికి చూపు దానంతటదే తిరిగొచ్చేది. పిల్లకు రేచీకటి. చుక్కల మందు ఆసుపత్రిలో ఉన్ననాడు ఉండేది, లేనినాడు లేదు. ఆ వేళకు ఇరుగుపొరుగు ఎవరైనా వస్తే, "చూపు ఇచ్చేశావా, ఇంకా ఉందా?" అని అడిగి, ఇచ్చేశాడంటే కుర్చీ తామే లాక్కునేవాళ్ళు.

పగలు ఆయన విత్తనాల ల్యాబులో గింజలు ఏరేవాడు. జొన్న జన్యువులు మార్చి, కంటికి కావలసిన విటమిన్ గింజలోనే పుట్టించాలని అక్కడి మేడం ఆరేళ్ళుగా తంటాలు పడుతోంది.

"కంకి మీద పరీక్షిస్తే ఉంటోంది. సంచిలోకొచ్చేసరికి ఉండట్లేదు. దారిలో ఎవరు తినేస్తున్నారు తాతా?" అంది ఆవిడ తల పట్టుకుని. "సోమవారానికి మంచి విత్తనం చూపించకపోతే పని ఆపేస్తారట."

"అది ఏ రంగులో ఉంటుందమ్మా?"

"పసుపు."

తాత ఏరే పళ్ళెం కింద పెట్టేశాడు. "పసుపువన్నీ నేనే పారేశాను. మంచివి ఏరమన్నారు. నలభై ఏళ్ళు మిల్లులో ఏరినవాణ్ణి. జొన్న రంగు తిరిగిందంటే పాడైందనే లెక్క."

మేడం లేచి షెడ్డు వెనక్కి నడిచింది. "నీకు తెలుసనుకున్నా. నాదీ తప్పే."

షెడ్డు వెనక పదకొండు డ్రమ్ముల చెత్తలో బూజు గింజలు, పుచ్చు గింజలు, మట్టిబెడ్డలు. వాటి మధ్యే ఆ విత్తనం.

"ఏరే మెషీన్లో వేద్దామా?" అంది మేడం.

"బూజు పసుపుకీ, మంచి పసుపుకీ దానికి తేడా తెలీదు. పారేసింది నేను, ఏరేదీ నేనే."

పగటి వెలుగులో మాత్రమే ఏరితే తొమ్మిది రోజుల పని. ఉన్నవి అయిదు.

ఆ సాయంత్రం ఆరు దాటినా తాత చేతులు కదల్లేదు.

"ఏంటి తాతా, చూపు ఇవ్వడానికి పిసినారితనమా?" అంది మనవరాలు. సంగతి విని, "అయితే అయిదు రోజులూ నువ్వే ఉంచుకో," అంది.

"పరీక్షలున్నాయి కదే!"

"పొద్దున్నే లేచి చదువుతా. తప్పితే తప్పుతా. ఒక్క గింజ వదిలావంటే మాత్రం ఊరుకోను."

"అబ్బో, మేస్త్రీగారు!"

సోమవారం పొద్దున తాత ఒక సంచి తెచ్చి మేడం బల్లమీద పెట్టాడు. ఆవిడ గుప్పెడు గింజలు పరీక్షించి, మొలకల ట్రేలు దించింది. మనవరాలు లెక్కల్లో తప్పింది.

మూడు పంటలు పండాయి. తినడానికి అనుమతి వచ్చింది. బడిలో పిల్లలకు మధ్యాహ్నం పసుపు జొన్నలే వండి పెడుతున్నారు.

ఒక సాయంత్రం తాత ఎప్పట్లాగే పిల్ల కళ్ళమీద అరచేతులు పెట్టాడు. నిండు బిందెలో పోసిన నీళ్ళలా చూపు పొర్లి వెనక్కి వచ్చేసింది.

"పట్టట్లేదు తాతా. నాకు ఉంది," అని అది రాతలో పడిపోయింది.

తాత కదల్లేదు. ఇన్నేళ్ళలో ఈ వేళప్పుడు దాని ముఖం ఎలా ఉంటుందో ఆయన చూడనేలేదు. రాసేటప్పుడు అది నాలుక కొన బయటపెడుతుంది.