ఐసు నీళ్ళలో జపం

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో ఏ నొప్పి వచ్చినా ప్రభువుకు కానుకగా ఇచ్చెయ్యాలని జెసింతాకు వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది. నొప్పి మాత్రల పరీక్షకు పోయిన రోజు కూడా తపస్కాలపు శుక్రవారమే.

మాత్ర ఎంతవరకు పనిచేస్తుందో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద చూస్తున్నారని విని ఆమె కోలారు వెళ్ళింది. మాత్ర మింగకముందు ఒకసారి, మింగాక ఒకసారి ఐసు నీళ్ళలో చెయ్యి ముంచాలి. ఓర్చుకోలేకపోతే తీసెయ్యాలి. మొదటిసారి వెంటనే తీసేసింది. రెండోసారి పెదవులు వాటంతటవే కదిలాయి. జపం ముగిసేదాకా చెయ్యి తీయలేదు.

పరీక్ష చేస్తున్న డాక్టర్ వీణ గడియారం చూసి నవ్వింది. "ఏమమ్మా, ఐసుకే చలి పుట్టించినావే! మాత్ర బాగా పట్టింది."

జెసింతా కూడా నవ్వి ఇంటికి బయల్దేరింది.

చాంపియన్ రీఫ్స్ గని కూలీల లైను ఇంట్లో భర్త క్లెమెంట్ మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. గని మూసేసినా గని ఇచ్చిన నొప్పి ఆయన్ను వదల్లేదు.

"గనిలో పన్జేసింది నేను, ఇనప చెయ్యి నీదా?" అని, డాక్టరమ్మ మెచ్చుకున్న సంగతి విని ఎగతాళి చేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆ మాత్ర అంత బాగుండాదా? నాకూ తెచ్చిస్తావా?"

జెసింతా తన చెయ్యి చూసుకుంది. మాత్ర మింగినా చెయ్యి అంతే మండింది. దేవుడికిచ్చిన కానుక మనుషుల దగ్గర అబద్ధపు సాక్ష్యం అయిపోతుందా? ఆ మాటను నమ్మి ఎంతమంది మోకాళ్ళు మోసపోతాయో!

సోమవారం మళ్ళీ కోలారు బస్సెక్కింది.

"నొప్పి తగ్గలేదమ్మా. జపం చేస్తా ఓర్చుకొన్నాను."

"అప్పుడే చెప్పరాదా?"

"మీరు అంత సంతోషపడితిరి. ఇంగ ఎట్ల చెప్పేది?"

వీణ నిట్టూర్చి పాత ఫలితం కొట్టేసింది. "పోనీలే, వచ్చి చెప్పినావు. ఇంకోసారి చూస్తాం. ఈసారి జపం వద్దమ్మా, నీకు దండం పెడతా."

మాత్ర మింగి, అది పనిచేసే వేళ దాకా కూర్చుని, జెసింతా చెయ్యి ముంచింది. పెదవులు కదలకుండా పంటితో పట్టుకుంది. చలి ఎముకల్లోకి దిగింది. ప్రభువుకు ఇవ్వని నొప్పి ఊరికే పారబోసినట్టనిపించింది. ఓర్చుకోలేక చెయ్యి లాగేసింది.

"సరిపోయింది. ఇది నిజం," అంటూ వీణ రాసుకోబోయింది.

జెసింతా కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ తలెత్తలేకపోయింది.

"రాయొద్దమ్మా. మా ఆయన మోకాళ్ళు తలచుకొని, 'ప్రభువా, ఆయన్ను చూడు' అని మనసులో ఒక్క మాట అనుకొన్నాను. అది కూడా జపమేనా?"

వీణ పెన్ను కింద పెట్టింది.