అట్టమీద వేరే ముఖం

రికార్డు కడగడానికి నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మధ్యనున్న కాగితం తడవకూడదు. పెళ్లయిన నాటినుంచి ఆ పని నాదే. కడిగి, మెత్తని గుడ్డతో గుండ్రంగా తుడిచి, తెర సందులోంచి అందిస్తాను. ముందు గదిలో నా భర్త బెనౌదా అమ్ముతాడు. "నీ పనేముంది, నీళ్లతో ఆటేగా!" అంటాడు. "ఆట చాలించి పొయ్యిమీద కుస్‌కుస్ చూడు," అనేది అత్త. ఇప్పుడు మా ఓరాన్ ఊళ్లో రికార్డు కొనేవాళ్లు లేరు. మా వీధిలో పాటల కొట్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. రేపటినుంచి మాదీ సెల్‌ఫోన్ల దుకాణమే. మిగిలిన సరుకంతా సముద్రం అవతల మార్సెయ్ నుంచి వచ్చిన కుర్ర వ్యాపారి పట్టుకుపోతున్నాడు.

ఆ సరుకులో నేను పాడిన రికార్డొకటి ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదుల్లో డప్పు పట్టి పాడేదాన్ని. ఒకసారి రికార్డు చేశారు. పరువుకోసం అట్టమీద నా పేరు వేయలేదు. ఎవరో ముఖం తెలియని పిల్ల బొమ్మ అచ్చువేశారు. మా పాటకొక రివాజు ఉంది: పల్లవికి ముందు, ఆ పాట కోరినవాళ్ల పేరు గొంతెత్తి పిలవాలి. ఊరందరి పేర్లూ పిలిచాను. నా పేరు ఏ పాట ముందూ పలకలేదు. కాపురానికి వచ్చిన వారమే బెనౌదా తేల్చేశాడు: "రికార్డు కొట్లో ఉంటుంది, గొంతు ఇంట్లో ఉంటుంది."

తెరకవతల సూది గీరుకుంది. నా గొంతు. నా పడుచు గొంతు.

"ఆగండాగండి హాజీ! ఎవరీవిడ? అట్టమీద పేరే లేదు."

"ఎవరో పెళ్లిళ్లలో పాడేదిలే బాబూ."

"బతికే ఉందా? ఉంటే ఇప్పుడే వెళ్లి చేతులు ముద్దుపెట్టుకుంటాను."

బెనౌదా దగ్గాడు. "ఇంకెక్కడ? పోయి చాలా కాలమైంది. దేవుడు కరుణించుగాక."

బకెట్లో నీళ్లు చల్లబడ్డాయి. ఆయన అబద్ధమాడాడని నాకు అనిపించలేదు. పాడిన ఆ పిల్ల ఎప్పుడో పోయినట్టే.

"ఏమే, ఇంకోటి!" తెర సందులోంచి అలవాటైన ఆ చేయి చాచుకుని వచ్చింది. పరాయి మగవాడి ఎదుట భార్య పేరు పలకడు కదా!

ఆ అరచేతిలో తడిగుడ్డ పెట్టాను. తెర తొలగించి ముందు గదిలోకి నడిచాను. నా వేళ్లే వెళ్లి సూదిని ఎత్తాయి. కుర్రవాడు నోరు తెరిచాడు. బెనౌదా చేతిలోని గుడ్డ టపటపా కారుతోంది.

"ఇంకో పాటుంది నాయనా," అన్నాను. "ఏ రికార్డులోనూ లేదు."

వీధిలోకి వినిపించేలా, రివాజు తప్పకుండా, ముందుగా నా పేరు పిలిచాను:

"ఈ పాట ఖైరా కోరింది!"