మడతపడిన కాలు

నాగలత పన్నెండేళ్లుగా డిగ్రీ కాలేజీలో పశుపోషణ చెబుతోంది. ఇంతవరకు ఏ ఒక్కరికీ ఏమీ నేర్పలేదు.

ప్రొద్దుటూరులోని ఆ ప్రైవేటు కాలేజీలో పాఠమంటే నోట్సు చదవడమే. ఆమె చదువుతుంది, అరవైమంది తల వంచుకుని రాసుకుంటారు. తాను చదువుకున్నప్పుడు రాసుకున్న నోట్సుకే అట్ట మార్చి తెచ్చుకుంది. "ఈనేటప్పుడు ముందుకాళ్లు రెండూ, వాటిమీద ఆనిన మూతీ ముందు బయటికి వస్తాయి." మొన్న శుక్రవారం ఆ వాక్యం దగ్గర మాబున్ని అనే అమ్మాయి లేచింది. జమ్మలమడుగు పిల్ల, ఇంట్లో మేకలున్నాయి.

"ఒక కాలు లోపలే మడతపడితే ఏం చేయాల మేడమ్?"

అది సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోమంది నాగలత. క్లాసు నవ్వింది. తనూ నవ్వింది.

ఆదివారం పుట్టింటికి, లింగాల పోయింది. తల్లి గంగులమ్మ పోయినప్పటినుంచి వారానికోసారి తండ్రికి వండిపెట్టి రావడం ఆమె పనే. గొర్రెల కంపు తనకు పడదని, రాగానే స్నానం చేయమని భర్త సురేంద్ర ప్రతిసారీ గుర్తుచేసి మరీ పంపుతాడు. బియ్యం కడుగుతుంటే దొడ్లోంచి తండ్రి వెంకటేశు పిలిచాడు. చూలుగొర్రె తెల్లారినప్పటినుంచి నొప్పులు పడుతోంది. బయటికి ఒక్క కాలే కనిపిస్తోంది.

"నా చెయ్యి పట్టదు. మీ యమ్మ చెయ్యే పోతాండె. డాక్టరు వచ్చేదాకా ఆగదు, నువ్వు పెట్టు."

చేతికి నూనె రాసుకుని మోకాళ్లమీద కూర్చుంది. లోపల వెచ్చగా, ఇరుగ్గా ఉంది. వేళ్లకు తగిలింది మోకాలో దవడో తెలియలేదు. నోట్సంతా గుర్తొచ్చింది, ఆ తర్వాతి వాక్యమే లేదు. నెట్టాలో లాగాలో తెలియక లాగింది.

పులివెందుల నుంచి డాక్టరు వచ్చేసరికి తల్లీ పిల్లా రెండూ పోయాయి. వెనక్కి నెట్టి కాలు సరిచేసి ఉంటే బతికేవని చెప్పి వెళ్లాడు.

చేతులు ఎంత కడిగినా జిగురు పోలేదు. చుట్టుపక్కల ఏ మందలో కష్టమొచ్చినా అమ్మనే పిలిచేవాళ్లు. దాన్ని ఎవరూ చదువు అనలేదు. కాలేజీ దరఖాస్తులో తల్లి చదువు అన్నచోట 'లేదు' అని రాసింది నాగలతే.

రేపు మాబున్నిని ఆ ప్రశ్న మళ్లీ అడగమంటుంది. తనకు తెలియదని క్లాసంతా వినేలా చెబుతుంది. ఆ పిల్ల ఒప్పుకుంటే, అందరినీ వాళ్ల మేకల దొడ్డికే తీసుకుపోతుంది.

"తప్పు నాదే నాయనా," అంది.

వెంకటేశు గొర్రెమీద గోనెపట్ట కప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"నీది కాదు. మీ యమ్మ ఈ పని నేర్పుతానని పిలిచినప్పుడల్లా, పేడలో దానికేం పని, సదువుకోనీ అని నిన్ను తరిమింది నేను. ఒకసారి చెప్పినా. ఇంక సచ్చేదాకా ఈ మాట నా నోట రాదు."