రేలపూల వెనక

భార్గవికి పువ్వుల పిచ్చి పెళ్లయి తండాకు వచ్చాకే పట్టుకుంది. కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల మధ్య పెరిగిన పిల్లకు పువ్వంటే బంతి, కనకాంబరం, అంతే. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఈ తండాకు కోడలిగా వచ్చింది. పక్క ఊరికి పంచాయతీ సెక్రటరీ అయింది. వారమంతా మురికి కాలువలూ చెత్త బండ్లూ చూసి విసిగిన కళ్లకు, ఆదివారం నాడు తేనెగుట్ట ఎక్కితే ప్రాణం లేచొచ్చేది.

అత్త ద్వాలి మొదట్లో ముక్కున వేలేసుకుంది. "గుట్టకు పోతే కట్టెలు తెస్తరు, చీపురు పుల్లలు తెస్తరు. నువ్వేందే, ఉత్త చేతులతోని పోయి ఉత్త చేతులతోని వస్తవ్?"

"ఉత్త చేతులెక్కడివి అత్తా, ఇగో" అని ఫోన్ చూపిస్తే, "కూరకొస్తదా అది?" అనేది. అన్నా కూడా, ఆదివారం పొద్దున్నే జొన్నరొట్టె మడిచి సంచిలో పెట్టేది ఆవిడే.

తొలకరి పడగానే గడ్డిలో దాక్కుని నేలతాడి పూసేది. దాన్ని తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. ముసురు రోజుల్లో పొదల మీదికి పాకిన నాభి తీగ నిప్పు రాజుకున్నట్టు విచ్చుకునేది. బతుకమ్మ ముందు దారి పొడుగునా గునుగు. చలి తగ్గుముఖం పడుతుంటే ఆకు లేని కొమ్మల మీద కొండగోగు, తర్వాత మోదుగ, ఎండలు ముదిరాక రేల. ఏడాది తిరిగేసరికి గుట్ట ఏ నెలలో ఏ రంగు కడుతుందో భార్గవికి తెలిసిపోయింది.

ఆమె ఫోన్లో ఫొటో తీసేది ఆఫీసు పనికి వాడే కెమెరా యాప్‌తోనే. సెక్రటరీలు కాలువ తీయించినా, మొక్క నాటించినా ఫొటో పెట్టాలి. ఆ ఫొటో కింద ఊరి పేరు, స్థలం గుర్తులు, తేదీ వాటంతటవే పడాలి. లేకపోతే పని చేసినట్టు లెక్క కాదు. భార్గవి చేతికి అదే అలవాటు. పువ్వుకూ అదే కెమెరా తెరిచేది. కింద పడే అంకెల్ని గోడ మీది మరకను చూసినట్టు చూసీ చూడనట్టు వదిలేసేది.

ఒక సోమవారం, శుభ్రం చేసిన కాలువ ఫొటోతో పాటు పొరపాటున ఒక నాభి పువ్వు కూడా మండలం ఆఫీసర్ల గ్రూపులోకి పోయింది. తిడతారని భయపడింది. పెద్దసారు చప్పట్లు కొట్టిన బొమ్మ పెట్టాడు. ఇక ప్రతి సోమవారం గ్రూపులో భార్గవి మేడం పువ్వు రావాల్సిందే. ఒక వారం ఆలస్యమైతే, "మేడం, ఈ వారం గుట్ట బంద్ ఉన్నదా?" అని అడిగేవారు. పెళ్లయ్యాక ఇంత మంది ఆమెను ఒక్కమాటుగా మెచ్చుకున్నది అక్కడే.

ఆ గ్రూపులో ఫారెస్టు వాళ్లు కూడా ఉన్నారు.

ఎండాకాలమంతా ఊరుకున్నవాళ్లు, తొలకరి పడి పత్తి గింజ మొలిచాక వచ్చారు. పట్టా ఉన్న అత్తింటి పాత చేను జోలికి పోలేదు. దాని పైన గుట్ట వాలులో బావగారు బలరాం అడవి కొట్టి కొత్తగా చేసుకున్న ముక్కకు అడ్డంగా ప్రొక్లెయిన్‌తో కందకం తవ్వించారు. చలికాలంలో చెట్ల మొదళ్ల చుట్టూ బెరడు చెక్కి వదిలేశాడు బలరాం. అవి నిలువునా ఎండాక కాల్చి, దున్ని, విత్తనం వేశాడు. ఉన్న పాత చేను కాస్తా తమ్ముడు, భార్గవి భర్త కోటేష్‌కు వదిలి, తాను పైకి పోదామని అతని ఆలోచన. మొలకలన్నీ మట్టి కింద పడిపోయాయి. బలరాం మీద కేసు రాశారు. "ఇదెన్నడు కొట్టినవో మాకు తెల్వదనుకున్నవా? ఫొటో ఉంది. జాగ ఉంది, తేదీ ఉంది" అని బీట్ ఆఫీసర్ ఫోన్ ఎత్తి, చెట్లున్న చోటు పెద్దది చేసి చూపించాడు.

బలరాంకు ఫొటోలో తన చెట్లే కనబడ్డాయి. పక్కన నిలబడ్డ కోటేష్‌కు మూలన పసుపు రంగు కనబడింది.

కోటేష్ ఓపెన్‌కాస్టులో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. ఆ రోజు డ్యూటీకి పోకుండా ఇంటికొచ్చి, పొయ్యి దగ్గరున్న భార్య పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రేలపువ్వు ఫొటో తీసినవ్ గద, ఎండలల్ల. చూపియ్."

చూపించింది. బంగారు జల్లుల్లా వేలాడుతున్న పూల వెనక బూడిద రంగు మొద్దులు. మొదళ్ల చుట్టూ చెక్కిన తెల్లని పట్టీలు. కింద పడ్డ జాగ గుర్తుల్ని, తేదీని భార్గవి మొదటిసారి చదివింది.

"ఎవ్వరికి చెప్పకు" అన్నాడు కోటేష్. "అన్నకు తెలిస్తే ఇల్లు రెండు ముక్కలైతది. వానలు పోయేదాంక ఓపిక పట్టు, కోపం చల్లారుతది."

కానీ కోపం ఊరికే చల్లారే సరుకు కాదు. దానికి ఎవరో ఒకరు దొరకాలి. బొజ్జయ్య దొరికాడు. కింది కోయగూడెం మనిషి, చేను పక్క చేను. నిరుడు పశువుల బాట దగ్గర బలరాంకూ అతనికీ మాటా మాటా అయింది. ఫొటో తీసి పట్టించింది బొజ్జయ్యేనని బలరాం అన్నాడు. అన్నది ఒక్కడే అయినా, వారం తిరక్కుండా తండా అంతా కళ్లతో చూసినట్టే చెప్పుకుంది.

గూడెంలో చేతిపంపు నీళ్లు ఇనుము వాసన కొడతాయి. బొజ్జయ్య భార్య కన్నమ్మ తాగే నీళ్లకు ఏళ్ల తరబడి ద్వాలి చేనులోని బోరు దగ్గరికే వచ్చేది. కరెంటు వచ్చి మోటరు నీళ్లు పోసేదాకా గట్టు మీద కూర్చుని ఇద్దరూ ఆకు నమిలేవాళ్లు. ఇప్పుడు కన్నమ్మ బిందె దించేసరికి ద్వాలి మోటరు ఆపేసింది.

"పట్టిచ్చినోళ్లకు నీళ్లెట్ల పోస్తరనుకున్నవ్?"

"ఎవరమ్మ పట్టిచ్చింది? నా మొగనికి బటన్ ఫోన్ ఉంది ద్వాలమ్మా. దాంట్ల ఫొటో ఎట్ల తీస్తరో నువ్వే చెప్పు."

"మీకు తీసిపెట్టేటోళ్లు లేరా?"

కన్నమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాగు వైపు మళ్లింది. వానకు వాగు నీళ్లు ఎర్రగా మురికి కట్టి ఉన్నాయి. బాట పక్కన బండి స్టార్ట్ చేస్తున్న భార్గవిని చూసి ఆగింది. "సెక్రటరమ్మా, సదువుకున్నదానివి, మీ అత్తకు నువ్వన్న చెప్పు" అంది. భార్గవి హెల్మెట్ పెట్టుకునే పనిలో ఉన్నట్టు తల వంచుకుంది.

ఆ సోమవారం గ్రూపులో పువ్వు రాలేదు. "గుట్ట బంద్ ఉన్నదా?" అని మళ్లీ ఎవరో అడిగారు.

ఆదివారం తండా పెద్ద, నాయక్ రూప్‌సింగ్ ఇంటి ముందు రేకుల కింద పంచాయితీ కూర్చోబెట్టారు. ఆ చుట్టుపక్కల ఇలాంటి తగువులకు ఒక పద్ధతుంది. ఎవరి మీద అనుమానం పడిందో వాడు తన చేను మన్ను పిడికిట పట్టుకుని కాదని చెప్పాలి. అబద్ధమాడితే ఆ మన్నులో ఏదీ మొలకెత్తదని నమ్మకం. చెబితే తగువు తెగినట్టే. రూప్‌సింగ్ పళ్లెంలో బొజ్జయ్య చేను మన్ను తెప్పించి ముందు పెట్టాడు.

బొజ్జయ్య దాన్ని ముట్టలేదు. తువ్వాలు భుజం మీద సర్దుకుని, "నేను ముట్ట" అన్నాడు.

"ముట్టకపోతే నువ్వే చేసినట్టు గద?" అన్నాడు బలరాం.

"నా చేను మన్ను నాకు తిండి పెడతది. నువ్వు అనుమానపడ్డవని దాన్ని తెచ్చి పంచాయితీల నిలబెడ్తనా? ఇయ్యాల దీన్ని పట్టుకుంటె, రేపు నీ కోడి పోయినా నాకే మన్ను ఇస్తవ్."

ఎవరో నవ్వారు. బలరాం నవ్వలేదు. "విన్నరా? భయమైతున్నది ఆయనకు. ఇయ్యాల్టి సంది బాట బంద్, బోరు బంద్. ఆయన ఎడ్లు మన చేన్ల కాలు పెడితె కట్టేస్తం."

రూప్‌సింగ్ తల ఊపబోతున్నాడు. ఆడవాళ్ల మధ్య నుంచి భార్గవి లేచింది. కోటేష్ అటునుంచి కళ్లతోనే వద్దన్నాడు. ఆమె కాళ్లు అప్పటికే నడిచాయి.

"బావా, ఆ ఫొటో నాది" అంది.

"ఏ ఫొటో?"

"ఫారెస్టోళ్లు చూపిచ్చింది. రేలపువ్వు తీసిన. ఆఫీసు గ్రూపుల పెట్టిన. వెనక చెట్లు పడ్డయి. ఆఫీసు కెమెరాతోని తీసిన, జాగ గుర్తులు కింద పడ్డయి."

ఫోన్ అతని చేతికిచ్చింది. బలరాం ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూశాడు. తిడతాడని అందరూ ఎదురు చూశారు. అతని గొంతు తగ్గింది.

"నీకు కనబడలేదా? ఎదురుంగనే ఉన్నయి గద చెట్లు."

కనబడలేదంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"కనబడ్డయి" అంది భార్గవి. "ఎందుకు ఎండినయో అడగలే. ఆ బూడిద రంగు ముందర పువ్వు మంచిగ లేసిందనుకున్న."

ద్వాలి లేచి వచ్చి కొడుకు చేతిలో ఫోన్ చూసింది. పువ్వునూ చూసింది, కోడలినీ చూసింది. "దీనికా?" అంది. తర్వాత చాలా రోజుల దాకా భార్గవితో ఆమె మాట్లాడిన చివరి మాట అదే అయింది.

"తీసెయ్. అన్నీ" అన్నాడు బలరాం. తీసేసినంత మాత్రాన ఫారెస్టు వాళ్ల దగ్గరున్నది పోదని అతనికీ తెలుసు. అయినా భార్గవి ఫోన్ తిరిగి తీసుకుని, అందరి ముందూ నిలబడి రేలను, మోదుగను, కొండగోగును ఒక్కొక్కటే తీసేసింది. గునుగు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మసకబారి రెండుసార్లు తప్పు నొక్కింది. కోటేష్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

"ఇగ అయిపాయె" అన్నాడు రూప్‌సింగ్, పళ్లెం పక్కకు జరుపుతూ. "బొజ్జయ్యా, మనసుల పెట్టుకోకు. కన్నమ్మను రేపటి సంది బోరుకు పంపు."

"మీకు అయిపాయె" అన్నాడు బొజ్జయ్య. భార్గవి వైపు ఒకసారి తిరిగాడు. తువ్వాలు దులుపుకుని గూడెం దారి పట్టాడు.

మరునాడు పొద్దున భార్గవి ఆఫీసుకు తయారై కూడా చేను దగ్గరికి పోయింది. కన్నమ్మ రావడం దూరం నుంచే చూసి మోటరు వేసింది. పైపు నుంచి నీళ్లు తెల్లగా దూకాయి. కన్నమ్మ బాట మీదే నడిచింది. బోరు వైపు తల తిప్పలేదు.

"కన్నమ్మక్కా, నీళ్లు వస్తున్నయి!"

కన్నమ్మ ఆగింది. "వాగు ఉన్నదమ్మా మాకు" అంది, మామూలు గొంతుతోనే. బిందె ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని ముందుకు పోయింది.

నీళ్లు కాలువలో నిండి, గట్టు పొర్లి, మొలిచిన పత్తి మీదికి పారుతున్నాయి. భార్గవి అలాగే నిలబడి ఉంది. ఇంటి వైపు నుంచి ద్వాలి కేక వినబడింది. కోడలికి కాదు, కొడుక్కి.

"కోటేష్! ఎవరి కోసం పోస్తున్నదిరా ఆ మోటరు? బంద్ చెయ్యమను."