బొమ్మలో లేని తలుపు

మా కంపెనీ లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అలాగని కోడ్ రాస్తామనుకునేరు! అది మాకు నామోషీ. తెర మీద పెట్టెలు గీసి, బాణాలతో కలిపి, మీట నొక్కితే కోడ్ దానంతటదే పుడుతుంది. పుట్టినదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ బొమ్మని మోడల్ అంటారు. దాన్ని గీసిన మేనేజర్‌ని మేం చాటుగా బొమ్మలాయన అంటాం.

ఆ మోడల్‌లో ఒక పెట్టె తక్కువ. మూసుకుంటున్న తలుపుకి మనిషి అడ్డొస్తే అది మళ్ళీ తెరుచుకోవాలి కదా, ఆ సంగతి గీయడం మర్చిపోయారు. నేనే దొంగచాటుగా ఆ నాలుగు లైన్లూ కోడ్‌లో చేత్తో రాసేదాన్ని. ఎవరైనా మీట నొక్కగానే కోడ్ కొత్తగా పుట్టి, నా లైన్లు గాలికి పోయేవి. మళ్ళీ రాసేదాన్ని.

ఇంతలో మా అపార్ట్‌మెంట్‌కి మా కంపెనీ లిఫ్టే వస్తోందని తెలిసింది. మా అత్తయ్య చేతికర్ర పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంది. తలుపు మూసుకునేలోగా ఆవిడ దాటలేదు. తిన్నగా బొమ్మలాయన దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ తలుపు పెట్టె కూడా గీసేయండి."

"ఎక్కడ గీయమంటావమ్మా? పేజీ నిండిపోయింది. ఇంకోటి ఇరికిస్తే అందం పోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కస్టమర్లు వచ్చారు. వాళ్ళ ముందే ఆయన ఒక వంకర బాణాన్ని తిన్నగా చేసి, మీట నొక్కి, వాళ్ళందరినీ ఆఫీసులో ఉన్న నమూనా లిఫ్టు ఎక్కించాడు. ఆఖర్న తనెక్కాడు. భుజానున్న సంచీ ఇంకా బయటే ఉంది. తలుపు దాన్ని నొక్కిపట్టి అలాగే ఉండిపోయింది.

"అమ్మాయ్! తలుపు తెరుచుకోవట్లేదు!"

"తెరుచుకోమని బొమ్మలో లేదు సార్!"

మెకానిక్ వచ్చి తలుపు విడదీసేసరికి అందరూ చెమటతో తడిసిపోయారు. ఆ మధ్యాహ్నమే తలుపు పెట్టె మోడల్‌లోకి ఎక్కింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ పేజీ అందం ఏమాత్రం చెడలేదు.

"చోటెలా దొరికింది సార్?"

"అలారం గంట పెట్టె తీసేశాం. లోపల అంతసేపు నొక్కితే ఒక్కరైనా వచ్చారా? అరిస్తేనే కదా మీరొచ్చింది!"

ఇంటికెళ్ళి అత్తయ్యకి చెప్పాను.

"దానికేముందే, నేనూ అరుస్తా. మీ మావయ్యతో ఇన్నేళ్ళు కాపరం చేసినదాన్ని!"

పగలబడి నవ్వాను. నవ్వుతూనే ల్యాప్‌టాప్ తెరిచి, గంట మోగే లైన్లు చేత్తో రాయడం మొదలుపెట్టాను.