మాయ కడగాల్సిన మనిషి

"ఆసుపత్రిలో వెంట్రుక కంటే పలచగా కోస్తావట. ఇంట్లో ఉల్లిపాయ మాత్రం ఇటుక ముక్కలు," అన్నాడు మా ఆయన గ్వాల్బెర్తో, సూప్‌లో చెంచా తిప్పుతూ. పెళ్లైన కొత్తలో ఈ మాటకి నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు మా అత్త ఒక్కతే నవ్వుతుంది.

బొలీవియా కొండల మీద, ఎంతో ఎత్తున ఉన్న ఎల్ ఆల్టోలో ఒక కాన్పుల ఆసుపత్రి ల్యాబ్‌లో నా ఉద్యోగం. కాన్పు గదుల నుంచి కండ ముక్కలు వస్తాయి. వాటిని మైనంలో బిగించి, కోసి, రంగు పట్టించి, గాజుపలక మీద పరుస్తాను. చూసి చెప్పేది డాక్టరు. కానీ రంగు సరిగ్గా పట్టిందో లేదో ముందు నేను చూడాలి కాబట్టి, ఇన్నేళ్లలో బిడ్డ వెనకే బయటికొచ్చే మాయల్లో నేను చూడనిది లేదు. నాది తప్ప.

మా వైపు మాయకి ప్రాణం ఉందంటారు. బిడ్డ తండ్రి దాన్ని కడిగి, ఇంటి దగ్గర నీడపట్టున పాతిపెట్టాలి. కడగకపోతే, పాతకపోతే తల్లికో బిడ్డకో సుస్తీ చేస్తుందని నమ్మకం. మా అమ్మాయి వారా పుట్టినప్పుడు గ్వాల్బెర్తో నర్సుతో, మేం చదువుకున్నవాళ్లం, మాకు అవన్నీ వద్దు అన్నాడట. బడిపంతులు కదా. ఆసుపత్రివాళ్లు దాన్ని చెత్తలో వేసే ముందు, నాతో పనిచేసే అమ్మాయి చిన్న ముక్క కోసి పలక మీద పెట్టి, నా సొరుగులో ఉంచింది. వారా బరువు తక్కువగా పుట్టింది. అత్త ఆ తప్పు కొడుకు మీద వెయ్యలేదు. కడుపులో పిల్లకి చోటు కూడా ఇవ్వలేని మనిషి అని నన్ను అంది. వారాకి జలుబు చేసినా అదే మాట, లెక్కల్లో మార్కులు తగ్గినా అదే మాట. వారాకి ఇప్పుడు పద్నాలుగేళ్లు. ఆ మాట వింటూనే పెరిగింది. సొరుగు రోజూ తెరుస్తాను, పలకని పక్కకి జరిపి పెన్సిల్ తీసుకుంటాను. చూస్తే అత్త అన్నదే నిజమని తేలుతుందేమోనని భయం.

మాకు చలికాలమైన జూన్‌లో, యోబానా అనే అమ్మాయి మాయ వచ్చింది. తొలి కాన్పు, రక్తపోటు పెరిగి నెలలు నిండకుండానే కన్నది. పిల్ల చిన్నది. మాయని పరీక్షించమని డాక్టరు పంపాడు. దాని వెనకే ఆమె అత్త సతుర్న, టోపీ సర్దుకుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చింది.

"మందులో ముంచకు తల్లీ. మందు తాగినదాన్ని నేల తీసుకోదు."

ఆ సంగతి నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లు మాయని మొత్తం కుళ్లకుండా ఉంచే మందులో వేసేసి, ఆ ఇంటివాళ్ల ఏడుపు వినడం నేను చూశాను. నాకు కావలసిన రెండు ముక్కలు తీసుకుని, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి, ఎల్లుండి రమ్మన్నాను.

చెప్పిన రోజుకి సతుర్న, యోబానా భర్త అయిన తన కొడుకు రొలాందోని వెంటబెట్టుకుని వచ్చింది. అతను వాకిట్లోనే ఆగి జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు. మాయని తనే తీసుకెళ్లి కోడలికి ఇస్తానంది సతుర్న. చెడగొట్టినది కోడలే కాబట్టి కడుక్కునేదీ కోడలేనట. పైగా మంచు పడుతోంది, బంగాళాదుంపలు ఆరుబయట పరిచారు, వచ్చే వారం చూన్యో తొక్కాలి.

"ఇంత చిన్న పిల్లని కన్నదానికి నెల రోజుల పడకెందుకు? వచ్చి తొక్కుతుంది."

చూన్యో అంటే ఏడాదంతా నిలవ ఉండే ఎండు దుంప. దాన్ని తొక్కడమంటే నీరు పోయేదాకా పొద్దున్నే, గడ్డకట్టిన దుంపల మీద, ఉత్త కాళ్లతో. యోబానాకి రక్తపోటు ఇంకా దిగలేదు. అలాంటి మనిషి మంచులో నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. వాదిస్తే సతుర్న మాయ తీసుకుని వెళ్లిపోతుందనీ తెలుసు. తలుపు తీసి, లోపలికి రండి పెద్దమ్మా, మీరే చూడండి అన్నాను.

ముందు మైక్రోస్కోపులో వేరే ఆమె పలక చూపించాను, అంతా బాగున్నది. గర్భసంచి గోడలో రక్తనాళం మామూలుగా సన్నగా, కండతో బిగుసుకుని ఉంటుంది. కడుపు పండాక బిడ్డ వైపు కణాలు ఆ గోడలోకి వెళ్తాయి, బిగువుగా ఉన్న కండని తీసేస్తాయి. నాళం గరాటులా తెరుచుకుంటుంది. అప్పుడు బిడ్డకి రక్తం ధారగా వస్తుంది. ఇది చెప్పి, యోబానా పలక పెట్టాను. ఆమె నాళం తెరుచుకోలేదు, సన్నగానే ఉండిపోయింది.

"తిండి తినకా?"

"కాదు. ఎందుకో డాక్టర్లకే పూర్తిగా తెలియదు. ఆమె చేసిందీ, చెయ్యనిదీ ఏం లేదు. ఇప్పుడు ఇటు చూడండి."

పలకని కొంచెం జరిపాను. మాయలో బిడ్డ వైపు చిన్న చిన్న కొమ్మలుంటాయి. యోబానా మాయలో ఒక్కో కొమ్మలో ఎర్రచుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. నాళాలన్నీ అంచుకి వచ్చి నిలబడ్డాయి, గోడలు ఉన్నాయో లేవో అన్నంత పలచబడ్డాయి. ఈ పని మీద ఇన్నేళ్లున్నా, ఇలాంటిది చూసినప్పుడు నేను లేచి నిలబడతాను. ఎవరైనా పెద్దవాళ్లు గదిలోకి వచ్చినట్టు.

"ఈ చుక్కలన్నీ పిల్లవేనా?"

"పిల్ల రక్తం. అవతలి నుంచి వచ్చేది తక్కువ కదా. వచ్చిన ఆ కాస్తా వదలకుండా అందుకోవడానికి మాయ ఇన్ని దారులు వేసింది."

"ఎవరు చెప్తే వేసింది?"

"ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా."

సతుర్న మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యలేదు. తన మూడో కాన్పు చూన్యో రోజుల్లోనే వచ్చిందనీ, అప్పుడు తొక్కిన చలి ఇప్పటికీ కాళ్లలోంచి పోలేదనీ, పలకతోనే చెప్తున్నట్టు చెప్పింది. తర్వాత వాకిలి వైపు తిరిగింది.

"ఒరే, కోటు విప్పు. గోరువెచ్చటి నీళ్లతో కడుగు."

"అదే కడుక్కుంటుందన్నావుగా అమ్మా."

"అన్నాను. ఇప్పుడు నిన్ను కడగమంటున్నాను."

"మరి చూన్యో ఎవరు తొక్కుతారు?"

"నీకు కాళ్లు లేవా?"

రొలాందో మా సింకు దగ్గర కడిగాడు. మొదట మొహం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత తిప్పుకోలేదు. సతుర్న దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, పైన చారల దుప్పటి కప్పి, అతని చేతుల్లోనే పెట్టింది.

వాళ్లు వెళ్లాక నా సొరుగు తెరిచాను. పలక మీద దుమ్ము తుడిచి మైక్రోస్కోపు కింద పెట్టాను. నాళాలు గరాటులా తెరుచుకునే ఉన్నాయి. ఏ తెగులూ లేదు. ఈ ఎత్తులో గాలే తక్కువ, అందుకే ఇక్కడ పిల్లలు చిన్నగా పుడతారు. ఆ తక్కువ గాలికి నా మాయ తన రూపం మార్చుకుంది. కొమ్మకొమ్మనా ఎర్రచుక్కలు అంచుదాకా వచ్చి నిలబడి ఉన్నాయి. నేను నిద్రపోతున్నప్పుడు, గ్వాల్బెర్తో చొక్కాలు ఉతుకుతున్నప్పుడు, అత్తకి కాళ్లు పడుతున్నప్పుడు ఇది ఈ పని చేస్తూనే ఉంది. పిల్లకి చోటివ్వలేని మనిషి లోపల ఇది ఉంది. అప్పటికే లేచి నిలబడి ఉన్నానని ఆలస్యంగా గమనించాను.

రాత్రి భోజనం దగ్గర వారా దగ్గింది. అత్త చెంచా కింద పెట్టి, కడుపులో ఉన్నప్పుడే సరిగ్గా... అని మొదలుపెట్టింది. రేపైనా ఉల్లిపాయ సన్నగా ఉంటుందా అని గ్వాల్బెర్తో అడిగాడు. నేను వారా వైపు తిరిగాను.

"రేపు బడి నుంచి నేరుగా నా ల్యాబ్‌కి రా. నీకొకటి చూపించాలి. ఇంటికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఉల్లిపాయ మీ నాన్న కోస్తాడు."