గోనెసంచిలో మడుగు

అడవిని జంతువులకు విడిచిపెట్టాలని సర్కారువాళ్లు మమ్మల్ని లింపోపో నదికి ఇవతలి కొత్త ఊరికి తరలించినప్పుడు, లారీ ఎక్కుతూ కూడా మా అమ్మ ఒక గోనెసంచిని వదల్లేదు. అందులో ఉన్నది మా పాత మడుగు మట్టి. నా భార్య రబెకా నవ్వింది.

"అత్తా, అక్కడ మట్టి దొరకదనుకున్నావా?"

ఆ మడుగు వానలకు నిండేది, ఎండలకు నెర్రెలిచ్చేది. నిండిన కొన్నాళ్లకే ఎర్రతోకల చిట్టి చేపలు తిరిగేవి. అవి వానతోపాటు ఆకాశం నుంచి పడతాయని మా పాస్టరుగారు చెప్పేవారు. చిన్నప్పుడు నేను నమ్మాను. అమ్మ మాత్రం ఎండిన మడుగులో అడుగున చెమ్మగా ఉన్న మట్టిని గోటితో విప్పి, గసగస గింజంత గుడ్డు చూపించేది. లోపల రెండు నల్లటి కళ్లు. పిల్ల ఎప్పుడో తయారైందనీ, నీళ్ల కోసం కదలకుండా పడుకుందనీ చెప్పేది. నేను ఊపిరి బిగపట్టి చూసేవాణ్ణి.

కొత్త ఇంట్లో అమ్మ ఆ సంచిని నీళ్లకుండ పక్కన చెమ్మలో ఉంచింది. తన బట్టల మూట మాత్రం విప్పలేదు. ఈ చేపలు ఇక్కడ బతక్కపోతే, అడవి అంచున ఉన్న మా పిన్ని దగ్గరికి వెళ్లిపోతానంది.

తొలి వానకు ముందు ఆ మట్టిని పెరటి గుంటలో పరిచింది. వాన పడింది, గుంట నిండింది, ఒక్క చేపా రాలేదు. నీళ్లు ఇంకిపోయాయి. అమ్మ బస్సు ఎప్పుడని అడిగింది. ఆ ఆదివారం చర్చిలో నేను ప్రార్థించింది చేపల కోసమో అమ్మ కోసమో నాకే తెలియదు.

ఇంకో వాన చూసి వెళ్లమని రబెకా బతిమాలింది. తను వండిన గుమ్మడాకు కూర నేను తినడం లేదని, అత్త చేతి వంటే కావాలంటున్నానని సాకు చెప్పింది.

పెద్ద వానలు పట్టాయి. ఒక ఉదయం గుంట దగ్గరికి వెళ్లిన రబెకా అక్కడే కూర్చుండిపోయింది. నీళ్లలో రెప్పవెంట్రుకల్లాంటి చేపపిల్లలు.

"తొలి వాన నిలవదని కొన్ని గుడ్లు లేవవు," అంది అమ్మ నెమ్మదిగా.

"అంత తెలిసినదానివి, బస్సెందుకు అడిగావత్తా?"

"తెలిసింది వాటికే, నాక్కాదు."

ఏ వానను నమ్మాలో అంత చిన్న గుడ్డుకు ఎవరు నేర్పారో పాస్టరుగారిని అడగాలని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రోజు మాత్రం అమ్మ మూట విప్పి, దాన్ని కట్టిన గుడ్డను నడుముకు చుట్టుకుని, పెరట్లో నాటడానికి గుమ్మడి గింజలు ఎక్కడున్నాయని రబెకాను అడిగింది.